స్టోర్ రూము తలుపు మీది వాన

వైట్‌ఫీల్డ్ దాటాక, కొత్త అపార్ట్‌మెంట్లకూ పాత రేకుల ఇళ్ళకూ నడుమ సందులో ఒక మూడంతస్తుల బడి ఉంది. ఆ బడిలో పొద్దున్నే మొదట వినిపించేది గంట కాదు, సుంకమ్మ ఏదో ఒకటి బోర్లించే చప్పుడు. పూలకుండీల కింది పళ్ళేలు, మిద్దె మీద ఎవరో వదిలేసిన పెయింటు డబ్బా, గేటు గోడ మీది టీ కప్పు, ఎక్కడ చెంచాడు వాన నీళ్ళు కనిపించినా ఆమె బకెట్లోకి వంచేసి, వెనకవైపు కరివేపాకు చెట్టు మొదట్లో గుమ్మరించేది. ఆ చెట్టు రెండో అంతస్తు కిటికీలోకి తొంగి చూసేంత ఎదిగింది. సగం మంది టీచర్ల ఇళ్ళలో పోపు దానిదే.

"ఏం సుంకమ్మా, ఈ పొద్దు ఎన్ని దోమల కొంప కూలిస్తివి?" అనేవాడు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ జయరామప్ప.

"నీ టీ కప్పులోనే పది సంసారాలు ఉండాయన్నా. తాగినాక కడిగి పెట్టరాదా?"

"కడిగితే నీకు పని ఉండొద్దా?"

సుంకమ్మది ఆలూరు దగ్గర పల్లె. పద్నాలుగేళ్ళ కిందట మొగుడు తిరుపాలుతో కలిసి కట్టడం పనికి బెంగళూరు వచ్చింది. ఈ బడి కప్పుకు పోసిన కాంక్రీటులో చాలా తట్టలు ఆమె నెత్తి మీదుగానే పైకి పోయాయి. అందుకే మిద్దె మీద వాటం ఎక్కడ తప్పిందో, నీళ్ళు ఏ మూల మడుగు కడతాయో ఇంజనీరుకన్నా ఆమెకే బాగా తెలుసు. పని అయిపోయాక తిరుపాలు ఇంకో కట్టడానికి, అక్కణ్ణించి ఇంకో దానికి, ఇప్పుడు జిగణి దాకా వెళ్ళాడు. సుంకమ్మ మాత్రం ఇక్కడే ఆగిపోయింది. బడి తెరిచిన రోజున వెక్కి వెక్కి ఏడుస్తున్న ఒక పిల్లను పది నిమిషాలు ఎత్తుకోమని హెడ్‌మిస్ జరీనా మేడం అడిగింది. ఆ పది నిమిషాలు ఇంకా పూర్తి కాలేదు.

అప్పటి నుంచి ఆమె ఆయమ్మ. ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడిచేదీ, గంట కొట్టేదీ, తెలుగు తప్ప రాని కూలీల పిల్లలకు కన్నడ మిస్ చెప్పింది చెవిలో చెప్పేదీ ఆమే. మొదటి రోజు టిఫిన్ డబ్బా తెరవడం రాక బిక్కమొహం వేసిన పిల్లలు పదో తరగతి ఫలితాల రోజున మొదట ఆమె దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మార్కులంటే ఆమెకు పెద్దగా అర్థం కాదు. పిల్ల మొహం చూసి, ఎంత గట్టిగా మెటికలు విరవాలో తేల్చుకునేది.

నీళ్ళ మీద ఆమెకింత పగ ఎందుకంటే, దానికి హరిణి కారణం.

కిందటేడు వానల్లో హరిణికి డెంగీ వచ్చింది. అప్పుడది ఆరో తరగతి. పన్నెండు రోజుల తర్వాత సగమై బడికి వచ్చింది. దింపడానికి వచ్చిన తల్లి కిరణ్మయి, ఐటీ పార్కులో ఉద్యోగం చేసే మనిషి, గేటు దగ్గర సుంకమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"ఆయమ్మా, మా అపార్ట్‌మెంటులో నేను చూసుకుంటాను. ఇక్కడ మాత్రం ఎక్కడా నీళ్ళు నిలవకుండా మీరు చూడాలి. ప్లేట్‌లెట్స్ ముప్పై వేలకు పడిపోయాయి. నాకింకా నిద్రలో ఆ రిపోర్టులే కనిపిస్తున్నాయి."

"అమ్మా, ప్లీజ్, అందరూ చూస్తున్నారు," అంది హరిణి.

"చూడనీలే పాపా," అంది సుంకమ్మ. తర్వాత తల్లి వైపు తిరిగి, "నేనుండంగ ఈ బళ్ళో దోమ గుడ్డు పెట్టదు. మాటిస్తాండా," అంది.

ఆ మాటను ఆమె ఒక్క రోజు తప్పలేదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ ఏడు ఆగస్టులో ఒక మంగళవారం మిద్దె మీద ఒక డబ్బా కనిపించింది. బేకరీల్లో బిస్కట్లు పోసి పెట్టే ప్లాస్టిక్ డబ్బా, మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పు. మూడు ఇటుకల మధ్య కదలకుండా నిలబెట్టి ఉంది. రాత్రి వానకు అందులో నీళ్ళు చేరాయి. ట్యాంకు బాగుచేయడానికి వచ్చినవాళ్ళు మరిచిపోయారనుకుంది సుంకమ్మ. ఇతరుల వస్తువు పారేసే అలవాటు ఆమెకు లేదు. నీళ్ళు వంచేసి, డబ్బాను మళ్ళీ ఇటుకల మధ్యే పెట్టేసింది.

అయితే వంచే ముందు ఒక పని చేసింది. డబ్బాకు ఆనించి వేళ్ళను అడ్డంగా పెట్టి చూసింది. వేలున్నర.

అది వాళ్ళ నాయన అలవాటు. వానను నమ్ముకుని శనక్కాయ వేసే మనిషి. వాన వెలిసీ వెలవగానే వాకిట్లో రోటి దగ్గరికి పోయి, అందులో నిలిచిన నీళ్ళలో చెయ్యి అడ్డంగా ముంచి చూసేవాడు. ఒక వేలు వానైతే పెదవి విరిచేవాడు. రెండు వేళ్ళయితే విత్తనం వేసే గొర్రు తీసి తుడిచేవాడు. నాలుగు వేళ్ళు కలిస్తే బెత్తెడు. బెత్తెడు వాన పడిన రోజు ఇంట్లో అందరికీ బెల్లం ముక్క. వేలికి తక్కువైతే గోరు లెక్క, నాలుగు గోళ్ళు ఒక వేలు. చూసిన వానను సున్నంతో గోడ మీద గుర్తు పెట్టేవాడు. ఊరొదిలి ఇన్నేళ్ళయినా, ఆకాశం కింద నిలబడిన గిన్నెను వేలు పెట్టకుండా వంచడం సుంకమ్మకు చేతకాలేదు.

గుర్తు పెట్టకుండా ఉండడమూ చేతకాలేదు. స్టోర్ రూములో చీపుళ్ళు తగిలించే తలుపు వెనక, ముగ్గుపిండి నీళ్ళలో కలిపి, వేలికొక గీత, గోటికొక చుక్క పెట్టింది. వాన లేని రోజుకు ఒక అడ్డగీత. శని, ఆదివారాలు బడి ఉండదు కాబట్టి వాటికొక ముగ్గు పువ్వు. సోమవారం మాత్రం రెండు రోజుల దుమ్ముతో తరగతి గదులే ఆమెకు మధ్యాహ్నం దాకా పట్టేవి. ఆమె మిద్దె ఎక్కేసరికి డబ్బా ఖాళీగానే ఉండేది. ఎండకు ఆరిందిలే అనుకునేది.

నిజానికి ప్రతి సోమవారం ప్రార్థనకు ముందే సైన్సు శశిధర్ సార్, హరిణి, దాని తరగతి గణేశ్ మిద్దె ఎక్కి, డబ్బాలో నీళ్ళను స్కేలుతో కొలిచి, నోటు పుస్తకంలో రాసుకుని, వంచేసి దిగిపోయేవాళ్ళు. వారమంతా పడిన వాన అదేనని వాళ్ళ నమ్మకం.

సెప్టెంబరులో ఒకరోజు ప్రార్థనలో జరీనా మేడం ఒక ఉత్తరం చదివింది. ఎలక్ట్రానిక్ సిటీలో జరిగే బడుల సైన్సు మేళాకు ఏడో తరగతి హరిణి, గణేశ్ ఎంపికయ్యారు. నలభై బడులు వస్తాయి. ఈ బడిని పిలవడం ఇదే మొదటిసారి. పిల్లలు ఎంత గోల చేశారంటే ఎదురు ఇంటి కుక్క కూడా మొరిగింది. సుంకమ్మ చీపురు చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టింది. వాళ్ళేం చేశారో ఆమెకు తెలియదు. హరిణి నవ్వుతోంది, అది చాలు. గణేశ్ వాళ్ళ నాన్న మేస్త్రీ. వాడి మొహం చూస్తే ఆ పూట కొత్త ఇంటికి పైకప్పు పోసినట్టుంది.

మరుసటి సోమవారం మధ్యాహ్నం సైన్సు గది బయట వరండా తుడుస్తుంటే శశిధర్ సార్ గొంతు వినిపించింది. ఎప్పుడూ జోకులేసే మనిషి, ఆ రోజు నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

"ఐదు వారాలకు మనకొచ్చింది అరవై ఒక్క మిల్లీమీటర్లు. పేపర్లో మన ప్రాంతానికి వేసింది రెండు వందల పద్నాలుగు. వీధి వీధికీ వాన మారుతుంది, ఒప్పుకుంటా. కానీ ఇంత మారదు. అండర్‌పాసులో బస్సు మునిగిన వారం మన పుస్తకంలో ఎనిమిది మిల్లీమీటర్లు ఉంది!"

"సార్, కాకి తాగుంటుంది," అన్నాడు గణేశ్.

"నూట యాభై మిల్లీమీటర్ల నీళ్ళు తాగిన కాకి ఎగరలేదురా, దొర్లుతుంది." ఎవరూ నవ్వలేదు. "సాయంత్రం ఐదులోపు పట్టిక పంపాలి. ఈ లెక్కతో పోతే మొదటి ప్రశ్నకే దొరికిపోతాం. పేరు వెనక్కి తీసుకుందాం. వచ్చే ఏడు చూద్దాం."

"మిద్దె మీద డబ్బాకు బీట ఉందేమో సార్," అంది హరిణి.

మిద్దె మీద డబ్బా. సుంకమ్మ చేతిలో తుడుపు గుడ్డ ఆగిపోయింది.

ఆమెకు ఒక్కసారిగా అంతా తెలిసింది. ఐదు వారాలుగా ఆ పిల్లలు దాచుకుంటున్నదాన్ని తాను పొద్దున్నే పోయి కరివేపాకు చెట్టుకు పోసింది. ఎవరూ చూడలేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కాకి మీదికి పోతుంది, లేదా బీట మీదికి. బకెట్టు ఎత్తుకుని నాలుగడుగులు వేసింది. వరండా చివర గోడకు పాత ఫొటో ఉంది: బడి తెరిచిన రోజు, చంకలో ఏడుస్తున్న పిల్లతో తానూ. దాన్ని చూడకుండా పోవాలనుకుంది కానీ, రోజూ తుడిచే అద్దం, చెయ్యి అలవాటుగా అటే పోయింది. తుడిచి, బకెట్టు అక్కడే పెట్టేసి, వెనక్కి వచ్చి గడపలో నిలబడింది.

"సార్. కాకి కాదు. నేనే."

ముగ్గురూ తిరిగి చూశారు.

"ఆ డబ్బాలో నీళ్ళు దినామూ నేనే పారబోస్తి. దోమలొస్తాయని. అది మీదని నాకు తెలీదు సార్."

గణేశే ముందు తేరుకున్నాడు.

"ఆయమ్మా! నువ్వా మా కాకి!"

"నీకు చెప్పమని జయరామప్పకు చెప్పానే," అన్నాడు సార్. "డబ్బా ముట్టుకోవద్దని. మొదటి రోజే చెప్పాను."

కిటికీ బయట నిలబడి అంతా వింటున్న జయరామప్ప టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "చెప్పినారు సార్. ఆ పొద్దు స్కూలు వ్యాను టైరు పంక్చరు. ఆ గడబిడలో మరిచిపోతి. తప్పు నాది, ఆమెది కాదు."

"ఒక్క మాట అందకనా ఇదంతా..." సార్ నుదురు రుద్దుకున్నాడు. కోపం కన్నా నీరసం ఎక్కువ ఉంది. "సరేలే ఆయమ్మా. నువ్వు మంచికే చేశావు. కానీ ఎంత పారబోశావో ఎవరికి తెలుస్తుంది ఇప్పుడు?"

"నాకు తెలుసు సార్," అంది సుంకమ్మ.

అందరూ స్టోర్ రూముకు నడిచారు. ఆమె ఒక్కొక్క చీపురూ తీసి పక్కన పెట్టి, తలుపు మూసి, లైటు వేసింది. తలుపు వెనక తెల్లటి గీతలు, చుక్కలు, మధ్యమధ్య ఎనిమిది రేకల చిన్న పువ్వులు, వరుసకు ఒక వారం. పండక్కి వేసిన ముగ్గులా ఉంది.

"ఇది పోయిన మంగళారం. రెండు గోళ్ళు. ఇది బేస్తవారం, ఏం ల్యా. ఇదిగో ఇది, బస్సు మునిగిన వారం. బెత్తెడు." నాలుగు గీతల మీద చెయ్యి ఆనించింది. "ఆ పొద్దు నాకు మా నాయన గుర్తుకొచ్చె. బెల్లం ముక్క తింటి."

శశిధర్ సార్ తలుపుకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళాడు. "ప్రతి రోజూ?"

"బడి ఉండే ప్రతి రోజూ. సోమారం తప్ప."

"సోమవారం మాది!" హరిణి గెంతింది. "సార్, సోమవారం మా దగ్గర ఉంది. మిగతావన్నీ ఆయమ్మ దగ్గర ఉన్నాయి. రెండూ కలిపితే వారం మొత్తం!"

"ఆగు ఆగు. వేలంటే ఎంత? వేలు స్కేలు కాదు కదా." అన్నాడే కానీ, సార్ గొంతులో ఎప్పటి ఉత్సాహం తిరిగి వచ్చేసింది. "అయితే వేలును స్కేలు చేద్దాం. గణేశ్, కొలజాడీ పట్టుకురా. ఆయమ్మా, నీకు పరీక్ష."

"నాకా?" సుంకమ్మ కొంగు సర్దుకుంది. "పుట్టినాక పరీచ్చ రాయలేదు సార్ నేను."

"రాయక్కర్లేదు. వేలు పెడితే చాలు."

గంట రెండింటికి కొట్టాల్సింది, ఆ రోజు జయరామప్ప కొట్టాడు, అదీ ఐదు నిమిషాలు ఆలస్యంగా. సైన్సు గదిలో సుంకమ్మ తెర ఇవతల కూర్చుంది. అవతల గణేశ్ కొలిచి కొలిచి డబ్బాలో నీళ్ళు పోసి, ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు వచ్చాయో చీటీ మీద రాసి మడిచిపెట్టేవాడు. హరిణి డబ్బా తెచ్చి ముందు పెట్టేది. సుంకమ్మ వేళ్ళు ఆనించి చెప్పేది. "వేలు మీద గోరు." "మూడు గోళ్ళు." "రెండు వేళ్ళు, గీసినట్టుగా." విషయం పాకి, కిటికీల నిండా పిల్లల తలలు చేరాయి. ఒక్కో జవాబుకూ ఎవరో ఒకరు ఈల వేసేవారు.

పదకొండోసారి ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది చెప్పను. డబ్బా కింద ఏమో పెట్టినాడు ఈ పిలగాడు. ఒంకరగా ఉండాది."

గణేశ్ డబ్బా కింద నుంచి రబ్బరు ముక్క తీసి, "ఊరికే చూశా ఆయమ్మా, పట్టుకుంటావో లేదో అని," అన్నాడు.

"మేస్త్రీ కొడుకువి. మట్టం చూసుకోవద్దా?"

ఇరవై సార్లు అయ్యాక చీటీలు విప్పారు. సార్ బోర్డు మీద వేశాడు. సుంకమ్మ వేలంటే పదహారు మిల్లీమీటర్లు. ఒక గోరు నాలుగు. ఎక్కడా మూడు మిల్లీమీటర్లకు మించి తప్పలేదు. హరిణి తలుపు మీది గీతలన్నీ కూడింది: తొమ్మిది వేళ్ళు, ఒక గోరు. నూట నలభై ఎనిమిది. దానికి సోమవారాల అరవై ఒకటి కలిపింది. రెండు వందల తొమ్మిది.

గదిలో లేచిన అరుపుకు జరీనా మేడం మెట్లు దిగి వచ్చింది. విషయం విని, నవ్వు ఆపుకుంటూ సుంకమ్మ వైపు చూసి, "ఎంతకొచ్చాయి మార్కులు?" అంది.

"తెలీదు మేడం. పాస్ అంట."

నాలుగూ యాభైకి పట్టిక వెళ్ళిపోయింది. 'కొలత పరికరం' అన్న చోట హరిణి రెండు రాసింది: ఒక ప్లాస్టిక్ డబ్బా, ఆయమ్మ చెయ్యి.

మేళా రోజున ఇంకో తగువు వచ్చింది. పరికరాన్ని బడిలో వదిలి ఎలా పోతామని పిల్లలిద్దరూ పట్టుబట్టారు. గంట ఎవరు కొడతారు, ఎల్‌కేజీని ఎవరు చూస్తారు అంది మేడం. "నేను చూస్తా," అన్నాడు జయరామప్ప, తల వంచుకుని. "తప్పు చేసినోణ్ణి నేను." ఆ రోజు ఆయన భుజం మీద ముగ్గురు పిల్లలు నిద్రపోయారనీ, మధ్యాహ్నానికి సుంకమ్మ ఎప్పుడొస్తుందని వాళ్ళకన్నా ఎక్కువ ఆయనే అడిగాడనీ తర్వాత తెలిసింది.

ఎలక్ట్రానిక్ సిటీ దాకా వ్యానులో సుంకమ్మ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గాజులు కూడా మోగకుండా కూర్చుంది. హాలు నిండా తిరిగే చక్రాలు, వెలిగే దీపాలు, మాట్లాడే బొమ్మలు. వీళ్ళ బల్ల మీద ఒక బిస్కట్ల డబ్బా, తలుపు ఫొటో, రెండు పట్టికలు. పక్క బల్ల పిల్లలు డబ్బాను చూసి నవ్వుకున్నారు. హరిణి చెవులు ఎర్రబడ్డాయి.

నెరిసిన జుట్టు జడ్జి మేడం ఒకామె వచ్చి అట్ట మీద రాసింది చదివి, ఒకచోట ఆగింది. అక్కడ పెద్ద అక్షరాలతో 'మా తప్పు' అని ఉంది.

"ఏమిటిది? అందరూ ఏం సాధించారో రాస్తారు."

హరిణి గొంతు సవరించుకుంది. "మేము డబ్బా పెట్టిన సంగతి రోజూ మిద్దె మీదికి వెళ్ళే మనిషికి నేరుగా చెప్పలేదు మేడం. వారానికోసారి కాక రోజూ చూసి ఉంటే రెండో రోజే తెలిసేది. మొదటి రోజు నుంచీ రోజూ కొలుస్తున్నది ఆయమ్మే. మేము ఆవిడ కొలతను పరీక్షించాం, అంతే."

ఆ మేడం కన్నడంలో సుంకమ్మను ఏదో అడిగి, తన నీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. సుంకమ్మ వేళ్ళు ఆనించి, "మూడు వేళ్ళు, గోరు తక్కువ," అంది. గణేశ్ స్కేలు పెట్టాడు. నలభై ఐదు. ఆ మేడం స్కేలు తీసుకుని మళ్ళీ తనే పెట్టి చూసింది. పక్క బల్ల పిల్లలు తమ చక్రం ఆపి మరీ వచ్చి నిలబడ్డారు.

రెండో బహుమతి వచ్చింది. మొదటిది మాట్లాడే బొమ్మకు పోయింది. "పోనీలే, అది బలే మాట్లాడె," అంది సుంకమ్మ. వేదిక మీద ముగ్గురూ నిలబడిన ఫొటోలో పిల్లలు కప్పును పట్టుకున్నారు. ఆమె మాత్రం ఎందుకో బిస్కట్ల డబ్బా పట్టుకుంది.

మర్నాడు గేటు దగ్గర కిరణ్మయి ఎదురైంది. సుంకమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టింది.

"అమ్మా, నీకిచ్చిన మాటకు..."

"నాకు తెలుసు ఆయమ్మా. హరిణి చెప్పింది. దాని ప్రాజెక్టును మీరు దాని కోసమే పారబోశారు." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి దోమతెర ముక్క, నాలుగు రబ్బరు బ్యాండ్లు తీసింది. "దీన్ని డబ్బా మూతికి కట్టండి. వాన పోతుంది, దోమ పోదు. ఇంకో రెండు ముక్కలు కూడా తెచ్చాను, గాలికి పోతే ఉంటాయని. పెద్ద రబ్బరు బ్యాండ్లు కూడా ఉన్నాయి, కావాలంటే..."

"అమ్మా! చాలు!" అంది హరిణి.

దసరా సెలవులకు ముందు బడికి రంగులు వేయించారు. స్టోర్ రూము తలుపు వెనక మాత్రం కుంచె తగలకూడదని జరీనా మేడం రంగులవాళ్ళకు రెండుసార్లు చెప్పింది; జయరామప్పతో చెప్పించలేదు. సెలవుల్లో డబ్బాను ఎవరు చూడాలన్న ప్రశ్నే రాలేదు. మిద్దె తాళంచెవి సుంకమ్మ కొంగుకే ఉంది.

సెలవులయ్యాక బడి తెరిచిన రోజున ఆమె గంట దగ్గర నిలబడి ఉండగానే పిల్లలు గేటు లోపలికి వచ్చారు. ఎవరూ తరగతి గదులవైపు పోలేదు. హరిణి ముందు, గణేశ్ వెనక, ఆ వెనక ఒకటో తరగతి దాకా అందరూ స్టోర్ రూముకు పరుగెత్తారు. చీపుళ్ళు కిందపడ్డ చప్పుడు వినిపించింది.

"మా చీపుర్లు!" అని ఆమె కేకేసేలోపే లోపల్నించి ముప్పై గొంతులు ఒక్కసారిగా లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. ఒక వేలు. రెండు వేళ్ళు. మూడు. నాలుగు!

సుంకమ్మ రవిక లోంచి చిన్న పొట్లం తీసింది. బెల్లం పొద్దున్నే ముక్కలు కొట్టి పెట్టింది. సరిపోతుందో లేదోనని ఒకసారి చూసుకుని, గంట సంగతి తర్వాత చూద్దామని అటువైపు నడిచింది.